చిన్నపేగులో ఇసినోఫిల్స్ వాపు: స్టీరాయిడ్ మొదలుపెట్టే ముందు ఏమేమి తేల్చుకోవాలి?

గోదావరి గట్టు | జూన్ 9, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను తణుకు దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయురాలిని, వయసు 36. సంక్రాంతి సెలవులు అయిన దగ్గరి నుంచి, అన్నం తిన్న గంటకల్లా బొడ్డు చుట్టూ మెలిపెట్టినట్టు నొప్పి వచ్చేది, వారానికి రెండు మూడు రోజులు నీళ్ల విరేచనాలు అయ్యేవి. మూడు నెలల పాటు గ్యాస్ మాత్రలతో నెట్టుకొచ్చాను. ఏప్రిల్ చివరికి చీర కుచ్చెళ్లు నిలవనంతగా పొట్ట ఉబ్బింది, స్కానింగ్ తీస్తే కడుపులో నీరు చేరిందన్నారు. మొదట చూపించుకున్న ఆసుపత్రిలో పేగుల క్షయ కావచ్చునని, మందులు ఆలస్యం చేయకుండా మొదలుపెడదామని అన్నారు. రెండో డాక్టరు మాత్రం ముందు ఆ నీటిని తీసి చూడాలని పట్టుబట్టారు. తీసిన నీటిలోని తెల్ల కణాలలో నూటికి 80 ఇసినోఫిల్స్ అని తేలింది. రక్తంలో వాటి సంఖ్య, అంటే ఏఈసీ, 4,200 ఉంది. సీటీ స్కాన్‌లో చిన్నపేగు గోడ కొంత మందంగా కనిపించింది. ఎండోస్కోపీలో లోపలంతా మామూలుగానే ఉందన్నారు, ఆంత్రమూలం, అంటే చిన్నపేగు మొదటి భాగం నుంచి తీసిన ముక్కలలో ఒక క్షేత్రానికి, అంటే సూక్ష్మదర్శినిలో ఒకసారి కనిపించే మేరకు, 24 ఇసినోఫిల్ కణాలు ఉన్నాయని రాశారు.

జబ్బు పేరు ఇసినోఫిలిక్ గ్యాస్ట్రోఎంటరైటిస్ అని చెప్పి, ప్రెడ్నిసొలోన్ అనే స్టీరాయిడ్ రోజుకు 30 మి.గ్రా. చొప్పున రాశారు. ఆ మాత్రల అట్ట నాలుగు రోజులుగా ఫ్రిజ్ మీదే ఉంది, నేనింకా విప్పలేదు. స్టీరాయిడ్ అనే మాట వింటేనే మా అమ్మకు ఏడుపు వస్తోంది. అనుభవం ఉన్నవారు మూడు విషయాలు చెప్పగలరా? ముక్కలలో 24 కణాలే ఉంటే ఇది నిజంగా ఆ జబ్బేనా? స్టీరాయిడ్ బదులు పథ్యంతో సరిపెట్టుకోవచ్చునా? మొదలుపెడితే ఇక జీవితాంతం వాడవలసిందేనా?

సూక్ష్మదర్శిని | జూన్ 9, రాత్రి 11:15

అమ్మా, నేను ముప్పై ఏళ్లకు పైగా బయాప్సీ పలకలు చూసి, ఇప్పుడు విశ్రాంత జీవితంలో ఉన్న పాథాలజిస్టును. మీ మొదటి ప్రశ్నకు మాత్రమే జవాబు చెబుతాను, మిగిలినవి వైద్యం చేసేవారు చెప్పవలసినవి.

ఇసినోఫిల్ అనేది చెడ్డ కణం కాదు. 1879లో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిచ్, ఇయోసిన్ అనే ఎర్ర రంగును ఇష్టంగా పీల్చుకునే ఈ తెల్ల కణాలను విడిగా గుర్తించి వాటికి ఆ పేరు పెట్టారు. అన్నవాహికలో ఆరోగ్యవంతులకు ఇవి ఉండవు, అందువల్ల అక్కడ ఒక క్షేత్రానికి 15 కనిపించినా అనుమానించాలి. కడుపులోనూ పేగులలోనూ మాత్రం ఇవి సహజంగానే కాపురం ఉంటాయి. ఆంత్రమూలంలో 30 దాటితే ఎక్కువని కొందరు లెక్కిస్తారు, 52 దాటాలని మరికొందరు అంటారు. పెద్దపేగు కుడివైపునైతే 100 వరకూ సహజమేననే లెక్క కూడా ఉంది. ఒక్కొక్క సూక్ష్మదర్శినిలో క్షేత్రం వైశాల్యం కూడా వేరుగా ఉంటుంది కాబట్టి, అంకెను ఒంటరిగా నిలబెట్టి తీర్పు చెప్పకూడదు.

మీ విషయంలో 24 అనే అంకె నన్ను ఆశ్చర్యపరచలేదు. 1970లో క్లైన్, ఆయన సహచరులు ఈ జబ్బును పేగు గోడలోని పొరలను బట్టి మూడుగా విభజించారు. పేగు లోపలి వైపున ఉండే శ్లేష్మపొరకు సోకితే విరేచనాలు, రక్తహీనత, మాంసకృత్తులు కారిపోవడం వల్ల కాళ్ల వాపు కనిపిస్తాయి. కండర పొరకు సోకితే పేగు ఇరుకై, వాంతులు, అడ్డంకి ఏర్పడతాయి. బయటి పొరకు సోకితే మీకు వచ్చినట్టు కడుపులో నీరు చేరుతుంది. ఎండోస్కోపీ గొట్టం చివర ఉండే చిన్న పటకారు శ్లేష్మపొరను మాత్రమే గిల్లగలదు, దాని వెనక ఉన్న పొరల దాకా అది వెళ్లదు. కాబట్టి బయటి పొర జబ్బులో ఆ ముక్కలు దాదాపు మామూలుగా కనిపించవచ్చు. మీ జబ్బుకు అసలు సాక్ష్యం ఆ నీటిలో ఉంది, అది తీసి చూడాలని పట్టుబట్టిన డాక్టరు మీకు పెద్ద మేలు చేశారు. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి: ఆ ముక్కల గాజు పలకలు, వాటిని భద్రపరచిన మైనపు దిమ్మెలు ఆసుపత్రి నుంచి అడిగి తీసుకోవడానికి మీకు హక్కు ఉంది, మరొకరి అభిప్రాయం కావాలనుకుంటే కాగితం మీది రిపోర్టు కంటే అవే పనికి వస్తాయి.

ఉక్కునగరం డాక్టరు | జూన్ 10, ఉదయం 6:20

నేను జీర్ణకోశ విభాగంలో శిక్షణ పొందుతున్న వైద్యుడిని. ఇక్కడ చెప్పేది మీ డాక్టరు మాటకు ప్రత్యామ్నాయం కాదు, ఆయనను ఏమి అడగాలో చెప్పడం మాత్రమే నా ఉద్దేశం. మాత్రల అట్ట ఇంకా విప్పలేదని రాశారు కాబట్టి, విప్పే ముందు ఒక విషయం తప్పక అడగండి.

మన నేల మీద ఇసినోఫిల్స్ పెరగడానికి మొదట అనుమానించవలసింది పురుగులనే. ఏలికపాములు, కొంకి పురుగులు, బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు, వీటన్నిటితోపాటు స్ట్రాంగిలాయిడిస్ అనే సన్నని పురుగు కూడా ఉంటుంది. తడి నేల మీద చెప్పులు లేకుండా నడిచేవారి పాదాల చర్మం గుండా అది లోపలికి ప్రవేశిస్తుంది. మిగిలిన పురుగులలాగా కాకుండా, మనిషి ఒంట్లోనే మళ్లీ మళ్లీ పుట్టుకొస్తూ పదుల సంవత్సరాలు మౌనంగా బతకగలదు. అది ఉన్నట్టు తెలియకుండా స్టీరాయిడ్ ఇస్తే రోగనిరోధక శక్తి తగ్గి, పిల్ల పురుగులు ఊపిరితిత్తులకూ రక్తానికీ పాకి ప్రాణం మీదికి తెస్తాయి. ఒక్కసారి చేసిన మల పరీక్షలో ఇది చాలాసార్లు దొరకదు. వేర్వేరు రోజుల్లో కనీసం మూడు నమూనాలు ఇవ్వాలి, వీలుంటే రక్తంలో దాని యాంటీబాడీ పరీక్ష కూడా చేయించాలి. పరీక్ష సౌకర్యం లేనిచోట చాలామంది డాక్టర్లు ముందుగానే ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు ఇచ్చి, ఆ తరువాతే స్టీరాయిడ్ మొదలుపెడతారు.

రెండోది క్షయ. కడుపులోంచి తీసిన నీటిలో ఏడీఏ (క్షయలో సాధారణంగా పెరిగే ఒక ఎంజైము) పరీక్ష, క్షయ క్రిమి జన్యు పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే అయ్యాయో లేదో చూడండి, ఎందుకంటే దాగి ఉన్న క్షయను స్టీరాయిడ్ రెచ్చగొడుతుంది. మూడోది, మీ ఏఈసీ 1,500 కంటే చాలా ఎక్కువగా ఉంది. ఇంత సంఖ్య నెలల తరబడి నిలిచి ఉంటే గుండె, ఊపిరితిత్తులు, నరాలు కూడా దెబ్బతినే వేరే జబ్బుల కుటుంబం ఒకటి ఉంది, కాబట్టి గుండెకు ఎకో పరీక్ష చేయించడం అవసరం. నాలుగోది, గడచిన ఆరు నెలల్లో మీరు వాడిన ప్రతి మాత్ర, పసరు, చూర్ణం రాసి డాక్టరుకు చూపించండి, మందుల వల్ల కూడా ఇసినోఫిల్స్ పెరుగుతాయి.

గోదావరి గట్టు | జూన్ 10, రాత్రి 8:05

డాక్టరు గారూ, మీ మాట చదివి చేతులు చల్లబడ్డాయి. మా పాఠశాలలో ఫిబ్రవరిలో నులిపురుగుల నివారణ దినం నాడు పిల్లలందరికీ 400 మి.గ్రా. అల్బెండజోల్ మాత్ర నేనే స్వయంగా నమిలిస్తాను, ఈసారి నేనూ ఒకటి వేసుకున్నాను. అందుకే ఇక పురుగుల సంగతి నాకు వర్తించదని అనుకున్నాను. మల పరీక్ష ఒక్కసారే చేశారు. మాకు కొంత పొలం ఉంది, నాట్ల రోజుల్లో చిన్నప్పటి నుంచీ చెప్పులు లేకుండానే మడిలోకి దిగుతాను. ఎకో పరీక్ష చేయలేదు. ఏడీఏ 14 అని ఉంది, ఎక్స్‌రే బాగుందన్నారు.

ఉక్కునగరం డాక్టరు | జూన్ 10, రాత్రి 10:30

ఆ ఒక్క అల్బెండజోల్ మాత్ర ఏలికపాములకు బాగా పనిచేస్తుంది, కొంకి పురుగులకు కూడా చాలావరకు పనిచేస్తుంది, స్ట్రాంగిలాయిడిస్‌ను మాత్రం నమ్మకంగా తీయలేదు. మీ పొలం సంగతి మీ డాక్టరుకు తప్పక చెప్పండి. ఏడీఏ అంత తక్కువగా ఉండడం క్షయకు వ్యతిరేకంగా బలమైన సూచన. ఎకో పరీక్ష రేపే చేయించండి, ఆలస్యం చేయదగినది కాదు. ఈ రెండు పనులకూ నాలుగైదు రోజులు పట్టినా నష్టం లేదు, కానీ ఊపిరి ఆడకపోయినా, జ్వరం వచ్చినా, వాంతులు ఆగకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

కూకట్‌పల్లి కాపురం | జూన్ 11, ఉదయం 7:50

అక్కా, నాది శ్లేష్మపొర రకం, ఆరేళ్లుగా దీనితోనే జీవిస్తున్నాను. మీ రెండో ప్రశ్న పథ్యం గురించి కాబట్టి నా అనుభవం కొంచెం వివరంగా రాస్తాను.

నాకు మొదట్లో విరేచనాలు, రక్తహీనత ఉండేవి, సాయంత్రానికి కాళ్లు వాచేవి. ఆంత్రమూలంలో కణాలు 90 దాటాయి. స్టీరాయిడ్‌తో నెలలో తగ్గింది, మోతాదు తగ్గించగానే తిరగబెట్టింది. అప్పుడు డాక్టరు, ఆహార నిపుణురాలు కలిసి ఆరు రకాలు మాన్పించారు: పాలు, గోధుమ, గుడ్డు, సోయా, పల్లీలతో పాటు జీడిపప్పు వంటి గింజలు, చేపలు రొయ్యలు. కాగితం మీద ఆరే కనిపిస్తాయి గానీ మన వంటింట్లోకి వచ్చేసరికి అవి ఎక్కడెక్కడ దాక్కున్నాయో అప్పుడు తెలిసింది. మా ఇంటి ఇంగువ డబ్బా వెనక చిన్న అక్షరాలలో గోధుమపిండి అని రాసి ఉంది, అంటే నేను రెండు వారాలు గోధుమ మానేశాననుకుంటూ రోజూ చారు పోపులో తింటూనే ఉన్నానన్నమాట. బిస్కెట్లలో పాలపొడి, సోయా లెసితిన్ ఉంటాయి. కరివేపాకు పొడిలో, పులిహోరలో, సర్వపిండిలో పల్లీలు ఉంటాయి. పెరుగు లేకుండా భోజనం ముగించడం అన్నిటికంటే కష్టమైంది. అన్నం, కందిపప్పు, పెసరట్టు, జొన్న రొట్టె, రాగి సంకటి, కూరగాయలు, కోడిమాంసంతో నడిపించాను. పాలు మానినందున సున్నం లోటు రాకుండా రాగులు తినమన్నారు, 100 గ్రాముల రాగులలో 340 మి.గ్రా.కు పైగా కాల్షియం ఉంటుంది.

ఎనిమిది వారాల తరువాత ఎండోస్కోపీలో కణాలు 12కు దిగాయి. ఆ తరువాత ఒక్కొక్క పదార్థాన్ని విడివిడిగా, ఆరేసి వారాల చొప్పున తిరిగి తిని చూశాము. గోధుమ, గుడ్డు, చేపలు ఏమీ చేయలేదు, పాలు తిరిగి మొదలుపెట్టిన నెలలోనే విరేచనాలు వచ్చాయి, కణాలు మళ్లీ 60 దాటాయి. ఇక్కడ ముఖ్యమైనది ఏమిటంటే, అంతకు ముందు వేలు ఖర్చుపెట్టి చేయించుకున్న రక్త అలర్జీ పరీక్షలో రొయ్యలు తప్ప ఇంకేదీ రాలేదు, పాల పేరే లేదు. ఈ జబ్బులో ఆ పరీక్షలు దారి చూపవని డాక్టరు తరువాత చెప్పారు. ఎవరికైనా తినగానే దద్దుర్లు, ఊపిరాడకపోవడం వచ్చే అలర్జీ ఉంటే మాత్రం ఇంట్లో ఇలా తిని చూడడం ప్రమాదం.

కానీ అక్కా, నీరు చేరిన స్థితిలో పథ్యంతోనే సరిపెట్టుకోమని నేను చెప్పలేను. నాకు పథ్యం పనిచేసింది రోగం అదుపులోకి వచ్చాక.

పచ్చని పైరు | జూన్ 11, మధ్యాహ్నం 2:10

అందరూ స్టీరాయిడ్ వైపే మాట్లాడుతున్నారు కాబట్టి మరో మాట చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను. మా బాబాయికి వేరే జబ్బుకు రెండేళ్లు స్టీరాయిడ్ వాడారు. ముఖం ఉబ్బింది, చక్కెర వ్యాధి వచ్చింది, చివరికి తుంటి కీలు అరిగి మార్పిడి శస్త్రచికిత్స చేయవలసి వచ్చింది. రోగిని ఈ దారిలోకి పంపే ముందు మిగిలిన మార్గాలన్నీ ప్రయత్నించాలి కదా?

ఉక్కునగరం డాక్టరు | జూన్ 11, రాత్రి 9:00

మీ బాబాయి గారికి జరిగినది నిజమైన నష్టమే, దానిని ఎవరూ చిన్నచూపు చూడకూడదు. అయితే రెండేళ్లు వాడడం వేరు, కొన్ని వారాలు వాడి తగ్గించడం వేరు. ఈ జబ్బులో సాధారణంగా రోజుకు 20 నుంచి 40 మి.గ్రా. రెండు వారాల పాటు ఇచ్చి, తరువాత ఆరు నుంచి ఎనిమిది వారాలలో మెల్లగా దించుతారు. నీరు చేరిన రకం దీనికి చాలా త్వరగా లొంగుతుంది, తరచుగా మొదటి రెండు వారాలలోనే పొట్ట తగ్గుతుంది. ఆ సమయంలో చక్కెర, రక్తపోటు చూస్తూ, కాల్షియం, విటమిన్ డి ఇస్తారు. పదే పదే తిరగబెట్టేవారికి దీర్ఘకాలం ప్రెడ్నిసొలోన్ ఇవ్వకుండా ఉండడానికే బుడెసొనైడ్ వంటి మందులు ఉన్నాయి. ఇది పేగులో పనిచేసి, కాలేయం గుండా వెళ్లేటప్పుడు చాలావరకు విరిగిపోతుంది కాబట్టి ఒంటి మీద భారం తక్కువ. అయితే దాని గుళిక చిన్నపేగు చివరి భాగంలో కరిగేలా తయారైనది, వ్యాధి పైభాగంలో ఉంటే దానిని ఎలా వేసుకోవాలో డాక్టరు ప్రత్యేకంగా చెబుతారు. ఎవరూ స్వయంగా గుళిక విప్పి ప్రయోగాలు చేయవద్దు.

మూడో ప్రశ్నకు కూడా ఇక్కడే జవాబు చెబుతాను. ఫ్రాన్స్‌లో 43 మంది రోగులను ఏళ్ల తరబడి గమనించిన పరిశోధనలో 42 శాతం మందికి జబ్బు ఒక్కసారే వచ్చి మళ్లీ రాలేదు, 37 శాతం మందికి మధ్యలో పూర్తిగా తగ్గుతూ మళ్లీ మళ్లీ వచ్చింది, 21 శాతం మందికి ఎడతెగకుండా సాగింది. జీవితాంతం మందు అన్నది అందరి రాత కాదు.

ఎడిసన్ అమ్మ | జూన్ 12, ఉదయం 5:30

మేము న్యూజెర్సీలో ఉంటాము, మా బాబుకు 14 ఏళ్లు, మూడేళ్లుగా ఇదే జబ్బు. పాత రిపోర్టులు, కొత్త రిపోర్టులు పోల్చేవారు కంగారు పడకుండా ఒక సంగతి చెబుతాను. 2022లో అంతర్జాతీయ నిపుణులు పేర్లు మార్చారు. గ్యాస్ట్రోఎంటరైటిస్ అనే గుంపు పేరు వదిలేసి, ఏ భాగానికి సోకితే ఆ భాగం పేరే రాయమన్నారు, చిన్నపేగుకైతే ఇసినోఫిలిక్ ఎంటరైటిస్ అంటారు. మా బాబు ఫైలులో పేరు మారినప్పుడు కొత్త జబ్బు వచ్చిందనుకుని ఒక రాత్రంతా నిద్రపోలేదు.

కొత్త మందుల గురించి ఇక్కడి తల్లిదండ్రులందరూ ఆశగా అడుగుతూ ఉంటారు. డుపిలుమాబ్ అనే ఇంజెక్షన్‌కు 2022లో అమెరికాలో అన్నవాహిక రకానికి అనుమతి వచ్చింది, ఆ అనుమతి చిన్నపేగు రకానికి కాదు. లిరెంటెలిమాబ్ అనే మరొకటి పరీక్షలలో కణజాలంలోని ఇసినోఫిల్స్‌ను దాదాపు తుడిచిపెట్టింది, అయినా రోగుల నొప్పి, వికారం ఉత్తుత్తి మందు తీసుకున్నవారి కంటే ఎక్కువగా తగ్గలేదు. ఆ వార్త చదివాక మా డాక్టరును ఎందుకని అడిగితే, ఈ జబ్బులో ఇసినోఫిల్స్‌తోపాటు మాస్ట్ కణాలు, ఇంకా ఇతర కణాలు కూడా పాత్ర వహిస్తాయని చెప్పారు. అప్పటి నుంచి బాబు ఏఈసీ అంకె చూసి సంతోషించడం, ఏడవడం రెండూ తగ్గించి, వాడు ఎంత తింటున్నాడు, ఎంత ఎత్తు పెరిగాడు, ఎన్ని రోజులు బడికి వెళ్లాడు అన్నవి ఒక పుస్తకంలో రాస్తున్నాను.

మానేరు రైతు | జూన్ 13, సాయంత్రం 6:45

మా నాయనది కండర పొర రకం, దాని గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను. రెండు రోజులు ఆగకుండా వాంతులు, గాలి కూడా పోలేదు. పేగు మూసుకుపోయిందని అర్ధరాత్రి శస్త్రచికిత్స చేసి, చిన్నపేగులో జానెడు ముక్క తీశారు. క్యాన్సర్ గడ్డ అనుకున్నారు, ముక్క పరీక్షకు వెళ్లాక గోడ నిండా ఇసినోఫిల్స్ అని వచ్చింది. ఇప్పుడు నాలుగేళ్లయింది, బాగున్నాడు, తక్కువ మోతాదులో బుడెసొనైడ్ వాడుతున్నాడు. పొట్ట రాయిలా గట్టిపడి, వాంతులతో పాటు గాలి పోవడం ఆగితే తెల్లారేదాకా చూడవద్దని నా విన్నపం.

గోదావరి గట్టు | జులై 30, రాత్రి 9:15

ఇన్ని రోజులు మౌనంగా ఉన్నందుకు క్షమించండి. మూడు మల పరీక్షలలోనూ ఏమీ దొరకలేదు, కానీ నా పొలం సంగతి విన్నాక డాక్టరు గారు యాంటీబాడీ పరీక్ష చేయించారు, అది పాజిటివ్ వచ్చింది. ఐవర్‌మెక్టిన్ ఇచ్చి రెండు వారాలు ఆగి మళ్లీ చూశారు. ఏఈసీ 4,200 నుంచి 2,900కు దిగింది గానీ నీరు అలాగే ఉంది. పురుగు ఒక్కటే కారణమైతే ఇంకా తగ్గాలని, పేగు జబ్బుకు కూడా వైద్యం చేయాలని చెప్పి జూన్ 29న స్టీరాయిడ్ మొదలుపెట్టారు. ఎకో బాగుంది. పదో రోజుకు కుచ్చెళ్లు మళ్లీ మామూలుగా నిలిచాయి. నాలుగు వారాలు దాటాయి, ఇప్పుడు 15 మి.గ్రా. మీద ఉన్నాను, నొప్పి లేదు, నిన్న స్కానింగ్‌లో నీరు లేదు. ఆకలి విపరీతంగా ఉంది, రాత్రి రెండింటికే మెలకువ వస్తోంది. ఈ వారం ఏఈసీ 380 నుంచి 620కి పెరిగింది. మోతాదు మళ్లీ పెంచాలా?

ఉక్కునగరం డాక్టరు | జులై 30, రాత్రి 10:40

చాలా సంతోషమైన వార్త. లక్షణాలు లేకుండా, స్కానింగ్ శుభ్రంగా ఉన్నప్పుడు, ఒక్క 620 కోసం మోతాదు పెంచే డాక్టర్లు అరుదు, మోతాదు దించేటప్పుడు ఈ సంఖ్య కొంచెం అటూ ఇటూ కదులుతుంది. రెండు వారాలకు మళ్లీ చూసి, పెరుగుతూనే ఉంటేనో, నొప్పి తిరిగి వస్తేనో అప్పుడు ఆలోచిస్తారు. మాత్ర ఉదయం అల్పాహారం తరువాత ఒకేసారి వేసుకుంటే నిద్ర కొంత నయమవుతుంది. అన్నిటికంటే ముఖ్యం, బాగుందని ఒక్కరోజులో ఆపేయకండి. మూడు వారాలకు మించి వాడినప్పుడు అడ్రినల్ గ్రంథులు తమ పని మరచి ఉంటాయి, హఠాత్తుగా ఆపితే రక్తపోటు పడిపోయి స్పృహ తప్పవచ్చు. పళ్ల డాక్టరుకైనా, మరే డాక్టరుకైనా మీరు ఈ మందు మీద ఉన్నారని ముందే చెప్పండి.

గోదావరి గట్టు | జులై 31, ఉదయం 6:10

సరేనండి. రోజూ ఎన్ని మి.గ్రా. వేసుకోవాలో సెప్టెంబరు మొదటి వారం దాకా లెక్క రాసి, గోడ క్యాలెండరు మీద అమ్మే గళ్లు గీసింది. వేసుకున్న రోజు గడిని ఆమే కొట్టేస్తోంది. మడిలోకి దిగడానికి మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు కొన్నాము, ఇంట్లో అందరికీ యాంటీబాడీ పరీక్ష చేయించాము, అమ్మకు కూడా పాజిటివ్ వచ్చింది, ఆమెకు మందు ఇచ్చారు. పాల సంగతి, ఇంగువ సంగతి మాత్ర పూర్తిగా ఆగాక కూకట్‌పల్లి తమ్ముడిని మళ్లీ అడుగుతాను.